పాత స్టాక్ కార్ రేసుల తరహాలో ఆన్‌లైన్ టోర్నమెంట్: ఇరవై నాలుగు కార్లతో మన దగ్గర ఎలా నడపాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇది. తిరుపతి, చిత్తూరుల్లో ఉన్న ఇరవై నలుగురు కుర్రాళ్లు కలిసి, 1980ల నాటి అమెరికా స్టాక్ కార్ (మామూలు కార్ల ఆకారంలో ఉండే రేసు కారు) రేసుల పద్ధతిలో ఆన్‌లైన్ సిమ్ రేసింగ్ (నిజమైన రేసును పోలిన కంప్యూటర్ ఆట) టోర్నమెంట్ పెట్టుకోవాలనుకుంటున్నారు. సగం మంది దగ్గర స్టీరింగ్ వీల్ ఉంది, మిగతావాళ్లవి గేమ్‌ప్యాడ్‌లు. ఏ గేమ్ తీసుకోవాలి, సర్వర్ ఎక్కడ పెట్టాలి, ఎన్ని రౌండ్లు, పాయింట్లు ఎలా, మొదటి మలుపులోనే అందరూ ఒకరిమీద ఒకరు పడకుండా ఏం చేయాలి అని అడిగారు.

ముందు సూటిగా జవాబు. అసెట్టో కోర్సా అనే గేమ్ తీసుకోండి. సర్వర్‌ను ఎవరి ఇంట్లోనూ పెట్టకండి, చెన్నైలోనో ముంబైలోనో గంటల లెక్కన అద్దెకు తీసుకోండి. ఆరు రౌండ్లు, అందరికీ ఒకే కారు, ఒకే సెటప్. రేసులో పాల్గొనని ఒక రేస్ డైరెక్టర్ తప్పనిసరి. రేసు ప్రాక్టీస్ కంటే ముందు పసుపు జెండా (ప్రమాదం జరిగినప్పుడు అందరూ వేగం తగ్గించి వరుసలో నడవాలన్న సంకేతం) ప్రాక్టీస్ చేయించండి. టోర్నమెంట్ నిలబడేదీ, చెదిరిపోయేదీ దాని దగ్గరే. ఇంకో మాట: పాత స్టాక్ కార్ రేసుల నియమాలు ముచ్చట కోసం పెట్టుకునేవి మాత్రమే కావు. మన నెట్‌కీ, మన కరెంటుకీ కొత్త నియమాల కంటే అవే బాగా సరిపోతాయి. ఎందుకో కింద వివరిస్తాను.

గేమ్ ఎంపిక. ఐరేసింగ్ అనే ఇంకో గేమ్‌లో 1987 నాటి షెవర్లే మాంటే కార్లో, ఫోర్డ్ థండర్‌బర్డ్ రెండూ ఉన్నాయి. పసుపు జెండా, పేస్ కారు (అందరికీ ముందు నెమ్మదిగా వెళ్తూ వరుసను నడిపించే కారు), వరుసలు కట్టడం అన్నీ గేమే చూసుకుంటుంది. ఇరవై నలుగురూ నెలసరి చందా కట్టి, కార్లూ ట్రాకులూ విడివిడిగా కొనుక్కోగలిగితే ఇక ఆలోచించక్కర్లేదు, అదే తీసుకోండి. కాలేజీ పిల్లలు ఎక్కువగా ఉంటే ఆ ఖర్చు దగ్గరే సగం మంది ఆగిపోతారు. అసెట్టో కోర్సా ఒక్కసారి కొంటే చాలు, సర్వర్ ప్రోగ్రాం దానితోపాటే ఉచితంగా వస్తుంది, పాత కార్లూ ఓవల్ (కోడిగుడ్డు ఆకారపు) ట్రాకులూ మాడ్‌లుగా (ఆటగాళ్లు తయారుచేసి పంచుకునే అదనపు ఫైళ్లుగా) దొరుకుతాయి. లోపం ఏమిటంటే దానికి పేస్ కారు లేదు, రోలింగ్ స్టార్ట్ (కార్లు కదులుతుండగానే రేసు మొదలుపెట్టడం) లేదు, ట్రాక్ మొత్తానికి పసుపు జెండా లేదు. ఆ మూడూ మనుషులే నడపాలి. ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే.

మాడ్ కారు ఏదైనా సరే, ఒక్కటే ఎంచుకుని, దాన్నీ ఆరు ట్రాకులనూ ఒకే జిప్ ఫైల్‌గా చేసి, పేరులో వెర్షన్ నంబరు పెట్టి అందరికీ ఇవ్వండి. "నెట్‌లో వెతికి దింపుకోండి" అని వదిలేస్తే ఒక్కొక్కరి దగ్గర ఒక్కో వెర్షన్ ఉంటుంది. సర్వర్ చెక్‌సమ్ (ఫైళ్లు ఒకటేనా అని చూసే అంకె) సరిపోల్చి, తేడా ఉన్నవాళ్లను బయటికి పంపేస్తుంది. రేసు రాత్రి తొమ్మిదింటికి ఆరుగురు ఫోన్ చేసి "లోపలికి పోనీయడం లేదు" అంటారు. కారణం దాదాపు ఎప్పుడూ ఇదే.

ఓవల్ మాడ్‌లను తీసుకునే ముందు నాలుగు చూడండి. పిట్ బాక్సులు, అంటే పెట్రోలు, టైర్ల కోసం కార్లు ఆగే గళ్లు, ఎన్ని ఉన్నాయి (ఇరవై ఉంటే ఇరవై కార్లే పడతాయి, ఇరవై నాలుగు పట్టవు). పిట్ లేన్‌లోకి దిగగానే స్పీడ్ లిమిట్ పడుతోందా. ల్యాప్ టైమ్ గీత దగ్గర సరిగా నమోదవుతోందా. లోపలి అంచు, అంటే ఏప్రన్, మీద చక్రం పడితే ట్రాక్ కోసేశావని తప్పుగా శిక్ష వేస్తోందా. చివరిది చాలా మాడ్‌లలో ఉంటుంది. అలాంటప్పుడు ఆ శిక్షను సర్వర్ సెట్టింగుల్లో తీసేసి, స్టీవార్డులకు (తప్పొప్పులు తేల్చేవాళ్లకు) వదిలేయండి.

సర్వర్. మన ఊళ్లలో చాలా ఫైబర్ కనెక్షన్లు ఒకే పబ్లిక్ ఐపీని పదిమందికి పంచుతాయి. అలాంటి లైన్‌లో పోర్టు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. వచ్చినా ఇంటి అప్‌లోడ్ మీద ఇరవై నాలుగు కార్ల భారం పడుతుంది. పైగా ఆ ఇంట్లో కరెంటు పోతే అందరి రేసూ పోతుంది. రెండు కోర్లు, 4 జీబీ ర్యామ్ ఉన్న అద్దె సర్వర్ సరిపోతుంది. 9600 పోర్టు టీసీపీకీ యూడీపీకీ (నెట్‌లో డేటా పంపే రెండు పద్ధతులు) రెండింటికీ తెరవాలి, 8081 టీసీపీకి తెరవాలి. యూడీపీ మర్చిపోతే ఆట నడవదు. హాస్టల్ నెట్‌లలో యూడీపీని మూసేసి ఉంచడం మామూలు. ఆ పిల్లలు ఫోన్‌ను యూఎస్‌బీ వైరుతో కలిపి ఆడడం మేలు.

ప్రతి ఒక్కరూ సర్వర్ చిరునామాకు వంద పింగ్‌లు (సందేశం వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందో కొలిచే పరీక్ష) పంపి ఫలితం మీకు పంపాలి, అదీ రేసు జరిగే వేళలోనే. సగటు చూసి ఊరుకోకండి. ఎనభై మిల్లీసెకన్ల దగ్గర నిలకడగా ఉన్న లైన్ మంచిదే. ఇరవైకీ రెండు వందలకీ మధ్య ఊగే లైన్ ప్రమాదం. ఊగుతోందంటే పదిలో ఎనిమిది సార్లు వైఫై కారణం. రౌటర్ నుంచి పదిహేను మీటర్ల ల్యాన్ కేబుల్ లాగమనండి.

ఈ పింగ్ ఎందుకు అంత ముఖ్యమో ఒక లెక్క చెబుతాను. గంటకు 300 కిలోమీటర్లంటే సెకనుకు 83 మీటర్లు. మీ తెరమీద కనిపించే ముందు కారు 60 మిల్లీసెకన్ల పాతదైతే, అది అసలు ఉన్నచోటికీ కనిపించిన చోటికీ తేడా ఐదు మీటర్లు. అంటే ఒక కారు పొడవు. గేమ్ ఆ తేడాను ఊహించి సరిచేస్తుంది గానీ, ముందువాడు హఠాత్తుగా బ్రేకు తొక్కితే ఆ ఊహ తప్పుతుంది. డేటోనా ట్రాకులో వెనకనుంచి బంపర్‌తో తోయడం టీవీలో చూడముచ్చటగా ఉంటుంది. ఆన్‌లైన్‌లో దాన్ని నిషేధించండి. ముందు కారు వెనక గాలినీడలో (గాలి అడ్డు తక్కువగా ఉండే చోట) వెళ్లొచ్చు, కానీ ఒక కారు పొడవు ఎడం ఉండాలి.

ఆరు రౌండ్లు, వాటి వరుస. మొదటి రౌండ్ ఒకటిన్నర మైళ్ల షార్లట్ లాంటి వెడల్పాటి ట్రాకులో పెట్టండి. తప్పు చేసినా తప్పుకోవడానికి చోటుంటుంది. రెండోది మార్టిన్స్‌విల్: అర మైలు కంటే కొంచెం ఎక్కువ, వాలు 12 డిగ్రీలే, బ్రేకులు కాపాడుకోవాలి. మూడోది వాట్కిన్స్ గ్లెన్ లాంటి రోడ్ ట్రాకు. నాలుగోది నార్త్ విల్క్స్‌బరో అనే చిన్న ఓవల్. ఐదోది డేటోనా: రెండున్నర మైళ్లు, మలుపుల్లో 31 డిగ్రీల వాలు. ఆఖరిది డార్లింగ్టన్.

డేటోనాను మొదటి రౌండ్‌గా పెట్టాలనిపిస్తుంది, పెద్ద పేరు కాబట్టి. పెట్టకండి. వరుసలో నడపడం ఇంకా రాని ఇరవై నలుగురు అక్కడ మొదటిసారి కలిస్తే ఒకడి తప్పుకి పదిహేను కార్లు పోతాయి, వాళ్లలో ఐదుగురు రెండో రౌండ్‌కి రారు. అక్కడ ఇంకో నిర్ణయం కూడా ఉంది. 1987లో టాలడెగా ట్రాకులో బిల్ ఇలియట్ అనే డ్రైవర్ గంటకు 212.809 మైళ్ల వేగంతో క్వాలిఫై అయ్యాడు. అదే వారాంతం రేసులో బాబీ ఆలిసన్ కారు టైరు పేలి ఎగిరి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. ఆ తర్వాత 1988 నుంచి డేటోనా, టాలడెగాల్లో ఇంజన్‌కు గాలి తగ్గించే రిస్ట్రిక్టర్ ప్లేట్లు వచ్చాయి. అసెట్టో కోర్సా సర్వర్ ఎంట్రీ లిస్టులో ప్రతి కారుకూ రిస్ట్రిక్టర్ అంకె ఉంటుంది కాబట్టి ప్లేటు రేసును నిజంగానే పెట్టొచ్చు. కానీ ప్లేటు పెడితే కార్లన్నీ ఒకే గుంపుగా అతుక్కుపోతాయి. మీ మొదటి సీజన్‌లో ప్లేటు లేకుండా 1987 పద్ధతిలోనే నడపండి. కార్లు వాటంతటవే చీలి, చిన్న చిన్న గుంపులవుతాయి.

డార్లింగ్టన్‌ను ఆఖరికి ఉంచడానికి కారణం టైర్లు. 1950లో అక్కడ జరిగిన మొదటి సదరన్ 500 మైళ్ల రేసులో 75 కార్లు బయల్దేరితే, వాటిలో బాగా నెమ్మదైన ప్లిమత్‌తో జానీ మాంట్జ్ గెలిచాడు. వేగంగా పోయినవాళ్లు టైర్లు పేల్చుకుని మళ్లీ మళ్లీ పిట్‌లోకి వస్తుంటే, అతను గట్టి టైర్లతో నిలకడగా తిరిగాడు. గేమ్‌ప్యాడ్ ఉన్నవాళ్లకు గెలిచే అవకాశం ఉండేది ఇలాంటి రేసులోనే.

దూరం, టైర్లు, పెట్రోలు. పూర్తి ఐదు వందల మైళ్లు ఎవరూ కూర్చోలేరు. దూరం తగ్గించి, అరుగుదలను పెంచాలి. డార్లింగ్టన్ 1.366 మైళ్లు, అంటే దాదాపు 2.2 కిలోమీటర్లు. 60 ల్యాపులు పెడితే పసుపు జెండాలతో కలిపి ముప్పావు గంట పడుతుంది. ఆ కాలపు కార్లకు ట్యాంకు 22 గ్యాలన్లు, అంటే 83 లీటర్లు. ల్యాపుకు 1.2 లీటర్లు తాగితే మామూలుగా 69 ల్యాపులొస్తాయి, పిట్ అవసరమే ఉండదు. ఫ్యూయల్ రేట్‌ను 300 చేస్తే ల్యాపుకు 3.6 లీటర్లు, ట్యాంకుకు 23 ల్యాపులు, రేసుకు రెండు పిట్ స్టాపులు. టైర్ వేర్ రేట్ 200 దగ్గర మొదలుపెట్టండి. మాడ్‌ను బట్టి ఇవి మారతాయి కాబట్టి, ముందుగా ఒకరితో వరుసగా పది ల్యాపులు తిప్పించి ఎంత పెట్రోలు తగ్గిందో కొలిచాకే అంకె ఖాయం చేయండి. అంచనాతో పెడితే ఆఖరి ల్యాపులో సగం మంది ఎండిపోతారు.

డ్యామేజ్ 50 చాలు. వంద పెడితే నెట్ తడబాటుతో తగిలిన చిన్న రాపిడికి కూడా కారు పాడవుతుంది. సున్నా పెడితే గోడను ఆనుకుని మలుపు తిరుగుతారు. ట్రాక్షన్ కంట్రోల్, ఏబీఎస్, స్టెబిలిటీ మూడూ మూసేయండి, ఆటో క్లచ్ మాత్రం ఉంచండి. ఆ కార్లకు నాలుగు గేర్లే, ఓవల్ మీద ఎక్కువసేపు నాలుగోదే. కాబట్టి గేర్ లివర్ లేనివాళ్లకు పెద్ద నష్టం లేదు. గేమ్‌ప్యాడ్ వాళ్లు స్టీరింగ్ వేగం తగ్గించి, ఫిల్టర్ పెంచుకోవాలి. లేదంటే వాలు మలుపులో బొటనవేలు కదిలిన ప్రతిసారీ వెనక టైర్లు జారి, అవతలివాడి కంటే రెండింతలు అరుగుతాయి.

బయల్దేరడం, పసుపు జెండా. పాత నియమాలు మనకు అక్కరకొచ్చేది ఇక్కడే. ఇప్పటి రేసుల్లో రీస్టార్ట్ అంటే ముందున్నవాళ్లే రెండు వరుసలుగా పక్కపక్కన నిలబడతారు. అది 2009లో వచ్చింది. అంతకుముందు లీడర్‌తో ఒకే ల్యాపులో ఉన్న కార్లు ఒకే వరుసలో, ల్యాపు వెనకబడినవి లోపలి వరుసలో ఉండేవి. నెట్ తేడాలున్నచోట ఒంటి వరుసే ప్రాణాధారం. మొదటి స్టార్ట్‌కూ అదే: సర్వర్ నిలబెట్టిన చోటునుంచి మెల్లగా కదిలి, ఒంటి వరుసలో గంటకు 90 కిలోమీటర్లతో ఒక ల్యాపు తిరిగి, డైరెక్టర్ "పచ్చ" అన్నాక వదలాలి. ఆ ల్యాపు కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి మొత్తానికి ఒకటి కలుపుకోండి.

పసుపు జెండా విధానం ఇలా రాసి ముందే ఇవ్వండి:

1. జెండా చెప్పేది డైరెక్టర్ ఒక్కడే. దారిలో అడ్డంగా కారు ఆగిపోయినా, మూడు కార్ల కంటే ఎక్కువ తిరగబడినా చెబుతాడు. డిస్కార్డ్ వాయిస్ చాట్‌లో "పసుపు, పసుపు, పసుపు, పద్దెనిమిదో ల్యాపు" అని మూడుసార్లు, గేమ్ చాట్‌లో ఒకసారి.

2. ఆ మాట వినగానే యాక్సిలరేటర్ వదలాలి, బ్రేకు తొక్కకూడదు. బ్రేకు తొక్కితే అసలు ప్రమాదం కంటే పెద్ద ప్రమాదం వెనకాల జరుగుతుంది.

3. ఆ క్షణం నుంచి ఓవర్‌టేక్ లేదు. 2003 దాకా పసుపు పడ్డా గీతదాకా పోటీపడే అలవాటు ఉండేది. పాత నియమాల్లో మీరు తెచ్చుకోకూడనిది ఇదొక్కటే.

4. లీడర్ 90కి తగ్గుతాడు, మిగతావాళ్లు 150 మించకుండా వచ్చి కలుస్తారు. వరుస కుదిరాక డైరెక్టర్ "పిట్ తెరిచాం" అంటాడు. అంతకుముందు దిగినవాడు వరుస చివరికి.

5. స్కోరు చూసే మనిషి కారు నంబర్లను వరుసగా చదువుతాడు. ఎవరి స్థానం వాళ్లు విని సర్దుకుంటారు. వాదనలు రేసు అయ్యాకే.

6. "వచ్చే ల్యాపు పచ్చ" అని ముందే చెప్పాలి. నాలుగో మలుపు దాటాక లీడర్ వేగం పెంచుతాడు, గీత దాటేదాకా ఎవరూ దాటిపోకూడదు.

అరవై ల్యాపులకు నాలుగు పసుపులు చాలు. ఆ తర్వాత జరిగే వాటికి పడిపోయినవాళ్లే పక్కకు తప్పుకోవాలి. చివరి ఐదు ల్యాపుల్లో పసుపు వద్దు.

రేడియో మాటలు ముందే ఒప్పుకోండి. ఓవల్ మీద "ఎడమ, కుడి" అంటే తొందరలో తడబడతారు. "లోపల కారుంది", "బయట కారుంది", "ఖాళీ" ఈ మూడే వాడండి. అందరూ బటన్ నొక్కి మాట్లాడాలి. డిస్కార్డ్‌లో డైరెక్టర్‌కు ప్రయారిటీ స్పీకర్ హక్కు ఇస్తే అతను మాట్లాడినప్పుడు మిగతా గొంతులు తగ్గుతాయి.

స్టీవార్డులు, రుజువులు. డైరెక్టర్ కాక ఇద్దరు ఉండాలి, ఆ రౌండ్‌లో ఆడనివాళ్లు. రీప్లే సైజు డిఫాల్ట్‌గా తక్కువ ఉంటుంది. పెంచకపోతే పొడవాటి రేసులో మొదటి ల్యాపులు చెరిగిపోతాయి, గొడవలు జరిగేదేమో ఆ మొదటి ల్యాపుల్లోనే. వెయ్యి ఎంబీకి పెంచమని అందరికీ చెప్పండి. ఇంకో కీలకం: గుద్దిన దృశ్యం ఇద్దరి రీప్లేల్లో రెండు రకాలుగా ఉంటుంది. ఒకరి తెరమీద తగిలింది, ఇంకొకరి తెరమీద అర మీటరు ఎడం ఉంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. కాబట్టి ఇద్దరి క్లిప్పులూ చూడకుండా తీర్పు ఇవ్వకండి. ఇరవై నాలుగు గంటల్లోపు ఫిర్యాదు, నలభై ఎనిమిది గంటల్లోపు తీర్పు. ఫలితం ఆ రాత్రే ప్రకటించాలన్న తొందర వద్దు. 1959లో మొదటి డేటోనా 500లో లీ పెటీ, జానీ బోషాంప్ దాదాపు కలిసే గీత దాటితే, ఫోటోలూ న్యూస్‌రీలూ చూసి పెటీ గెలిచాడని తేల్చడానికి మూడు రోజులు పట్టింది.

శిక్షలను సమయం కలపడం ద్వారా ఇవ్వండి: నిర్లక్ష్యంగా తగిలి ఒకరి స్థానం పోగొడితే 15 సెకన్లు, కారునే పాడుచేస్తే 30, కావాలని చేస్తే రౌండ్ రద్దు. సర్వర్ ప్రతి సెషన్ ఫలితాన్నీ ఫైల్‌గా దాస్తుంది, దాన్నిబట్టే లెక్క కట్టండి.

పాయింట్లు. 1975లో మొదలైన, బాబ్ లాట్‌ఫర్డ్ రూపొందించిన పద్ధతి వాడండి. గెలుపుకు 175, ఆరో స్థానం దాకా ఐదేసి తగ్గుతాయి (170, 165, 160, 155, 150), పదకొండు దాకా నాలుగేసి, ఆ తర్వాత మూడేసి. ఒక ల్యాపైనా ముందుంటే 5, అందరికంటే ఎక్కువ ల్యాపులు ముందుంటే ఇంకో 5. ఇరవై నాలుగో స్థానానికి కూడా 91 వస్తాయి. కరెంటు పోయి మధ్యలో ఆగిపోయినవాడి సీజన్ అక్కడితో ముగిసిపోదు, అందుకే ఇది మనకు తగినది. ఆరు రౌండ్లూ ఐదో స్థానంలో వచ్చినవాడికి 930. మూడు గెలిచి మూడింట్లో ఆఖరున ఉన్నవాడికి గెలిచిన మూడింటి బోనస్‌లన్నీ కలిపినా 828. గుద్దుకుంటూ గెలవడం లాభం కాదని పిల్లలకు ఈ లెక్క చూపిస్తే నియమాల పుస్తకం కంటే బాగా అర్థమవుతుంది.

కరెంటు సంగతికొస్తే, రౌటర్‌కూ ఫైబర్ డబ్బాకూ 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టించండి. కంప్యూటర్‌కు మామూలు యూపీఎస్ కొద్ది నిమిషాలే ఆగుతుంది, అయినా లోపలి అంచుకు దిగి కారు ఆపుకోవడానికి ఆ కాస్త చాలు. వేసవిలో రాత్రి తొమ్మిది, పది మధ్య ఇళ్లలో ఏసీలన్నీ నడుస్తూ వోల్టేజి పడిపోతుంది, వీలైతే టోర్నమెంట్‌ను చలికాలానికి పెట్టుకోండి. శ్రీవారి బ్రహ్మోత్సవాల వారం, సంక్రాంతి, కనుమ నాటి పశువుల పండుగ, వినాయక చవితి తర్వాత కాణిపాకం ఉత్సవాల రోజులు వదిలేయండి. ఇంటినిండా చుట్టాలుంటే ఎవరూ రెండు గంటలు గదిలో కూర్చోలేరు.

డబ్బు విషయం. ఎంట్రీ ఫీజు వసూలు చేసి దాన్నే ప్రైజుగా పంచే ఆలోచన ఉంటే మానుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 సవరణతోనే ఆన్‌లైన్ పందాలు నిషేధం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలను, నైపుణ్యంతో ఆడేవైనా సరే, నిషేధించి ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా చూసింది. స్నేహితుల టోర్నమెంట్‌కు ఫీజు లేకపోవడమే క్షేమం. నగదు బహుమతి పెట్టాలనుకుంటే ముందు ఒక లాయర్‌ను అడగండి. ట్రోఫీలకు, సర్వర్ అద్దెకు తిరుపతి గాంధీ రోడ్డులో మొబైల్ షాపునో, చిత్తూరులో బేకరీనో అడిగి, బదులుగా కారు బానెట్ మీద వాళ్ల పేరు వేయండి. పాత స్టాక్ కార్లు బతికింది ఊరి మెకానిక్ షెడ్ల, కార్ డీలర్ల పేర్లు తలుపుల మీద మోసుకునే. తలుపుల మీదా పైకప్పు మీదా నంబరు పెద్దగా ఉండాలి, ఇద్దరికి ఒకే నంబరు ఉండకూడదు. దేవుడి బొమ్మలు, గోపురాలు కార్ల మీద వేయనివ్వకండి. ఆ కారు గోడకు గుద్దుకున్న వీడియో బయటికి వెళ్తే అది మంచి పని కాదు. నాస్కార్ (అమెరికాలో స్టాక్ కార్ రేసులు నడిపే సంస్థ) పేరూ లోగోలూ కూడా పోస్టర్ల మీద వాడకండి, అవి రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్కులు.

మొదటి రౌండ్‌కు రెండు ఆదివారాల ముందు అందరినీ షార్లట్‌లోకి పిలవండి. రేసు వద్దు. పది ల్యాపులకోసారి, చెప్పకుండా, డైరెక్టర్ పసుపు పిలవాలి, అలా ఐదుసార్లు. ప్రతిసారీ గడియారం పట్టండి: పిలుపు నుంచి ఒంటి వరుస కుదిరేదాకా మూడు నిమిషాల లోపు ఉండాలి, ఎవరూ ఎవరినీ తాకకూడదు. ఐదింట్లో చివరి మూడూ అలా కుదిరితే తేదీ ప్రకటించండి. కుదరకపోతే వచ్చే ఆదివారం మళ్లీ ఇదే చేయించండి.